సీమలో మొండి జబ్బులు: చర్మం, రక్తం, దారి తప్పిన రక్షణ

పెంఫిగస్ వల్గారిస్ చాలామందిలో మొదట నోట్లోనే కనిపిస్తుంది. చిగుళ్ల మీద, బుగ్గల లోపల పుండ్లు పడతాయి. కారం తగిలితే ప్రాణం పోయినంత మంట. వేడి చేసిందని సబ్జా గింజల నీళ్లు తాగి, నోటిపూత అనుకుని బీ కాంప్లెక్స్ మాత్రలు మింగి నెలలు గడిపేస్తారు. ఆ తర్వాత నెత్తిమీద, ఛాతీమీద, వీపుమీద పలచని నీటిపొక్కులు లేచి, చిట్లి, పచ్చిపుండ్లుగా మిగులుతాయి. శరీరాన్ని కాపాడాల్సిన ప్రతిరక్షకాలు, చర్మకణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే డెస్మోగ్లీన్ అనే ప్రోటీన్‌నే పరాయిదిగా ఎంచి దాడి చేయడం దీనికి మూలం. సున్నం రాలిపోయిన గోడలో ఇటుకలు విడిపోయినట్టు పైచర్మం పొరలు విడిపోతాయి. స్టెరాయిడ్లు రాకముందు ఈ జబ్బు పట్టినవారిలో ఎక్కువమంది బతికేవారు కారు.

ఇదే పొరపాటు ఎర్రకణాల మీద జరిగితే ఆటో ఇమ్యూన్ హీమోలిటిక్ అనీమియా, ప్లేట్‌లెట్ల మీద జరిగితే ఐటీపీ, జుట్టు కుదుళ్ల మీద జరిగితే పేనుకొరుకుడు, రంగు కణాల మీద జరిగితే బొల్లి, కీళ్ల పొరమీద జరిగితే రుమటాయిడ్ కీళ్లవాతం. చర్మం, కీళ్లు, రక్తం, మూత్రపిండాలు అన్నీ ఒకేసారి దెబ్బతింటే అది లూపస్. లూపస్ రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా పిల్లల్ని కనే వయసువాళ్లు. అందుకే ఒకే రోగి చీటీమీద చర్మ డాక్టరు, కీళ్లవాత నిపుణుడు, రక్తవ్యాధుల నిపుణుడు ముగ్గురూ రాయాల్సి వస్తుంది. ఈ జబ్బుల్లో చాలావాటిని పూర్తిగా మాన్పే మందు లేదు. అదుపులో ఉంచే మందులు ఉన్నాయి, వాటిలో ముఖ్యమైనవి దశాబ్దాల నాటివి, చవకవి. కర్నూలు, కడప ప్రాంతాల్లో అసలు చిక్కు ఆ మందు కొనడంతో తీరదు. దాన్ని వాడుతున్నంత కాలం రక్తాన్నీ మూత్రాన్నీ కళ్లనీ కనిపెట్టుకుని ఉండాలి. కరోనా తర్వాత ఊరూరా అమ్ముడైన ఇమ్యూనిటీ పెంచే పొడులు, కషాయాలు వీరికి పనికొచ్చేవి కావు. వీరిలో రక్షణశక్తి తగ్గలేదు, దారి తప్పింది.

ముందు జబ్బును సరిగా పోల్చుకోవాలి. మెట్ట సీమలో ఒక జబ్బు వేషంలో ఇంకొకటి వచ్చే సందర్భాలు ఎక్కువ. తెల్లమచ్చ కనబడగానే బొల్లి అనుకునేవారు, కుష్ఠు అని భయపడేవారు ఇద్దరూ ఉన్నారు. బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉంటుంది, దానిమీద స్పర్శ మామూలుగానే ఉంటుంది. కుష్ఠు మచ్చ కొంచెం పాలిపోయినట్టో ఎర్రగానో ఉండి స్పర్శ తగ్గుతుంది. దూదితో తాకి చూడడం ఖర్చులేని పరీక్ష. దేశం మొత్తమ్మీద కుష్ఠు ప్రజారోగ్య సమస్య స్థాయి నుంచి తొలగిపోయిందని 2005 చివర ప్రకటించారు గానీ కొత్త కేసులు ఆగలేదు. పైగా కుష్ఠులో ఒక్కోసారి వచ్చే రియాక్షన్‌లో జ్వరం, కీళ్లనొప్పులు, వాపులు ఉంటాయి, రక్తంలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ కూడా పాజిటివ్ రావచ్చు. కీళ్లవాతం అనుకుని మందు మొదలుపెట్టేముందు చెవితమ్మెలు, మోచేతి నరం ఒకసారి తడిమి చూడమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

నడుము బిగుసుకుపోవడం ఇంకో ఉదాహరణ. ముప్పై ఏళ్లలోపు యువకుడికి తెల్లవారుజామున నడుము పట్టేసి, నడిచాక సడలితే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనుమానించాలి. కానీ ఈ జిల్లాల్లో కొన్ని గ్రామాల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితి దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నుపూసల మధ్య స్నాయువులు సున్నం పట్టి గట్టిపడతాయి. దేశంలో ఈ జబ్బును తొలిసారి వివరంగా నమోదు చేసింది 1937లో, పొరుగునే ఉన్న నెల్లూరు జిల్లాలో. స్పాండిలైటిస్‌లో తుంటి వెనకున్న శాక్రోఇలియాక్ కీళ్లు అరిగి అతుక్కుంటాయి. ఫ్లోరోసిస్‌లో ఎముకలు తెల్లగా చిక్కబడి, ముంజేతి రెండు ఎముకల మధ్య పొరలో సున్నం గీత ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ఒకదానికి ఖరీదైన బయాలజిక్ సూదులు అవసరం కావచ్చు, రెండోదానికి కావలసింది మంచినీళ్లు. ముంజేతి ఎక్స్‌రే తీయించకుండా రోగిని నగరానికి పంపడం డబ్బు దండగ.

పొలం గట్లమీద, రోడ్ల పక్కన మొలిచే వయ్యారిభామ కథ వేరు. మెక్సికో ప్రాంతపు ఈ కలుపు 1950ల నడుమ పుణె దగ్గర కనిపించి దేశమంతా పాకింది. దాని పొడి గాలిలో ఎగిరి చర్మంమీద పడితే కొందరికి ముఖం, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి, దురదపెట్టి, తోలులా మందమవుతాయి. ఎక్కువగా ఎండ తగిలే చోట్ల వస్తుంది కాబట్టి లూపస్ ఎండమచ్చలుగా పొరబడడానికి వీలుంది. తేడా కనురెప్పల మీద, చెవుల వెనక, గడ్డం కింద దొరుకుతుంది. ఎండ తగలని ఆ మడతల్లోకి వయ్యారిభామ పొడి దూరుతుంది, లూపస్ మచ్చ సాధారణంగా అక్కడికి పోదు. జబ్బు మొండికేస్తే అజాథయోప్రిన్ ఇస్తారు. మొక్కను ఒట్టి చేతులతో పీకకపోవడం, పూత రాకముందే తొలగించడం, పొలం నుంచి రాగానే స్నానం చేసి బట్టలు మార్చడం మాత్రం మందుతో పాటే సాగాలి.

ఇక లూపస్ అనుమానంతో చేసే ఏఎన్ఏ రక్తపరీక్ష. పాజిటివ్ రాగానే లూపస్ అని హడలిపోయేవారు ఎందరో. ఏ జబ్బూ లేనివారిలో సైతం 1:80 పలుచన దగ్గర నూటికి సుమారు 13 మందికి, 1:160 దగ్గర అయిదుగురికి ఇది పాజిటివ్ వస్తుందని తేలింది. ఎండకు కందిపోయే మచ్చలు, నోటిపుండ్లు, జుట్టు రాలడం, కీళ్లవాపు, మూత్రంలో ప్రోటీన్ వంటివి ఉన్నప్పుడే ఆ కాగితానికి విలువ. వీటిలో ఆఖరిది చాలా ముఖ్యం. లూపస్ మూత్రపిండాల్ని తాకినా మొదట్లో నొప్పి ఉండదు, మూత్రం నురగరావడం, పాదాలు ఉబ్బడం ఆలస్యంగా కనిపిస్తాయి. మూడు నెలలకోసారి మూత్రపరీక్ష చేయించుకునే లూపస్ రోగి డయాలసిస్ గదికి దూరంగా ఉండే అవకాశం ఎక్కువ.

గజ్జి, తామరలకు మందుల షాపులో అడిగి కొనే ట్యూబు ఈ మొత్తం వ్యవహారాన్ని మరింత గజిబిజి చేసింది. చాలా ట్యూబుల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి ఘాటు స్టెరాయిడ్‌తో పాటు శిలీంధ్రాల మందు, యాంటీబయాటిక్ కలిసి ఉంటాయి. రాయగానే దురద పోతుంది, తామర మాత్రం లోలోపల పాకుతుంది. కొన్నాళ్లకు అంచులు చెదిరి, మచ్చ రూపం మారి, అది సోరియాసిస్సో తామరో చెప్పలేని స్థితి వస్తుంది. మన దేశంలో విస్తరించిన మొండి తామర శిలీంధ్రానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు, దానిమీద టెర్బినఫిన్ చాలాసార్లు పనిచేయడం లేదు. ముఖం తెల్లబడుతుందని ఇవే ట్యూబులు రాసుకున్న ఆడపిల్లల ముఖాలు ఎర్రబడి, పలచబడి, మొటిమలు లేచి, ఎండలోకి వెళ్తే మండిపోతాయి. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని నోటిఫై చేసింది. కౌంటరు దగ్గర దాని ప్రభావం అంతంతమాత్రం.

మందుల్లో అందరికీ తెలిసింది, అందరూ భయపడేది ప్రెడ్నిసొలోన్. ఆ భయం కొంతవరకు న్యాయమైనదే. మూడు నెలలకు మించి రోజూ వాడితే చక్కెర, రక్తపోటు పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, శుక్లాలు వస్తాయి, దాగిఉన్న క్షయ బయటపడుతుంది. అయితే భయంతో ఒక్కసారిగా ఆపేయడం ఇంకా ప్రమాదం. బయటినుంచి స్టెరాయిడ్ అందుతున్నన్నాళ్లు అడ్రినల్ గ్రంథి పని మానేస్తుంది, మాత్ర అకస్మాత్తుగా ఆగితే రక్తపోటు పడిపోయి మనిషి కుప్పకూలుతాడు. ఊళ్లో వాతానికి ఇచ్చే పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉన్న ఉదంతాలు డాక్టర్లకు కొత్త కాదు. ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్టమీద ఊదారంగు చారలు పడిన మనిషి నేను ఇంగ్లీషు మందే వాడలేదంటే ఆ పొడిని అనుమానించాలి, దాన్ని మాన్పించడం కూడా మెల్లగానే జరగాలి. ఎముకల బలానికి కాల్షియం, విటమిన్ డి రాస్తారు. రాగి సంగటి తినే ఇంట్లో పుట్టినవారికి కాల్షియం విషయంలో కొంత ఊరట ఉంది: నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది.

మెథోట్రెక్సేట్ వెనక తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లంమీద పరిశోధన నడిపించారు. అదే బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను, ఆ వెంటనే మెథోట్రెక్సేట్‌ను తయారుచేసింది. 1948లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగా వెనక్కి నెట్టగలిగాడు, ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. 1951లో గుబ్నర్ బృందం అమినోప్టెరిన్‌ను కీళ్లవాతం, సోరియాసిస్ రోగులకు వాడి చూసింది. నేడు ఈ రెండు జబ్బులకూ మెథోట్రెక్సేట్ వెన్నెముక వంటిది. మోతాదు వారానికి ఒక్కసారే. ఈ ఒక్క మాట చెవిన పడక రోజూ మింగినవారు నోరంతా పుండ్లు పడి, మజ్జ పనిచేయక, కణాల సంఖ్య పడిపోయి ఆస్పత్రి పాలవుతారు. అలాంటి పరిస్థితిలో విరుగుడు ఫోలినిక్ ఆమ్లం, అది ఎంత త్వరగా అందితే అంత మంచిది. చీటీ మీద ‘బుధవారం మాత్రమే’ అని తెలుగులో రాసి, కింద గీత గీయడం ఏ కొత్త మందుకన్నా తక్కువ మేలు కాదు. ఫోలిక్ యాసిడ్ మాత్ర మరో రోజున వేసుకోవాలి. జలుబుకో మూత్రపు మంటకో ఊరి వైద్యుడు రాసే కోట్రైమోక్సజోల్ దీనితో కలిస్తే మజ్జ దెబ్బతింటుంది. మూత్రపిండాలు సరిగా పనిచేయనప్పుడు ఈ మందు ఒంట్లో నిలిచిపోతుంది కాబట్టి, మే నెలలో ఎండకు ఒళ్లు ఎండిపోయినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా ఆ వారం మాత్ర ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు దీన్ని ముందే మానాలి.

డాప్సోన్ కుష్ఠు మందుగా పాతది, పొక్కుల జబ్బుల్లో కొన్నిటికి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. జీ6పీడీ లోపం ఉన్నవారిలో ఎర్రకణాలు పగిలిపోతాయి కాబట్టి ముందు ఆ పరీక్ష తప్పదు. మొదలుపెట్టిన నెల, నెలన్నరలో జ్వరం, ఒంటినిండా దద్దుర్లు, కామెర్లు కలిసి వస్తే అది డాప్సోన్ పడకపోవడం. మందు ఆపకుండా కామెర్లకు పసరు తాగించడం ప్రాణం తీస్తుంది. అజాథయోప్రిన్ మన దేశస్థుల్లో కొందరికి అసలు పడదు, ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉన్నవారికి కొద్ది వారాల్లోనే జుట్టంతా రాలి, తెల్లకణాలు పడిపోతాయి. జన్యుపరీక్ష కుదరకపోతే మొదటి రెండు నెలలు తరచుగా రక్తకణాలు లెక్క చూడడమే దారి. హైడ్రాక్సీక్లోరోక్విన్ వీటన్నిటిలో మెతకది, లూపస్‌లో జీవితాంతం వాడదగినది. కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు మించకుండా, మొదట ఒకసారి, అయిదేళ్ల తర్వాత ఏటా కంటి పరీక్ష చేయిస్తే చాలు. జబ్బు తగ్గిందని దీన్ని మానేసినవారిలో లూపస్ తిరగబెట్టడం మామూలు.

పెంఫిగస్ చికిత్సలో మన దేశం సొంత బాట వేసింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చర్మవైద్యుడు జె.ఎస్. పస్రిచా 1980ల మొదట్లో పల్స్ చికిత్స ప్రవేశపెట్టారు. అయిదు శాతం గ్లూకోజ్ సెలైన్‌లో 100 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ వరసగా మూడు రోజులు, వాటిలో ఒకరోజు 500 మిల్లీగ్రాముల సైక్లోఫాస్ఫమైడ్, 28 రోజులకోసారి ఇదే మళ్లీ. నడుమ రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ మాత్ర. ఖర్చు తక్కువ, జిల్లా ఆస్పత్రి మంచం చాలు. నష్టం ఏమిటంటే సైక్లోఫాస్ఫమైడ్ ఆడా మగా ఇద్దరి సంతానశక్తినీ దెబ్బతీయవచ్చు, పెళ్లి కాని పిల్లకు పెట్టేముందు ఆ మాట దాచకూడదు. రిటుక్సిమాబ్ సూది ఇప్పుడు ఆ స్థానంలోకి వచ్చింది, 2018లో అమెరికా దాన్ని పెంఫిగస్‌కు ఆమోదించింది. ఒక గ్రాము చొప్పున రెండు వారాల ఎడంతో రెండు మోతాదులు. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే దీని నకలు మందు తెచ్చినందువల్ల ధర దిగింది గానీ కూలి కుటుంబానికి ఇంకా భారమే. సూదికి ముందు హెపటైటిస్ బి, క్షయ పరీక్షలు చేయకపోతే నిద్రపోతున్న వైరస్ లేచి కాలేయాన్ని తినేయవచ్చు.

రక్తం దగ్గరికి వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి మించి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇంతమందికి రక్తం తక్కువగా ఉన్నచోట అరుదైన కారణం మరుగున పడిపోతుంది. ఐరన్ మాత్రలు మూడు నెలలు సరిగా మింగినా హీమోగ్లోబిన్ కదలకపోతే వేరే వెతకాలి. ఎర్రకణాలు చిన్నవిగా ఉండి సంఖ్య మాత్రం ఎక్కువగా ఉంటే తలసీమియా వాహకత కావచ్చు, హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో హీమోగ్లోబిన్ ఏ2 3.5 శాతం మించితే దాదాపు ఖాయం. కళ్లు పచ్చబడి, మూత్రం మామూలుగా ఉండి, ప్లీహం పెరిగి ఉంటే కూంబ్స్ పరీక్ష చేయించాలి, ఆటో ఇమ్యూన్ హీమోలిసిస్ దాంట్లో బయటపడుతుంది. అలాంటి రోగికి సరిపోయే రక్తం దొరకడం బ్లడ్‌బ్యాంకుకు పరీక్షే, ప్రతి సీసాతోనూ మ్యాచ్ కుదరదు. ప్రాణంమీదకు వచ్చినప్పుడు పూర్తి మ్యాచ్ కోసం ఆగకుండా, ఉన్నంతలో దగ్గరగా సరిపోయే రక్తాన్ని మెల్లగా ఎక్కిస్తూ స్టెరాయిడ్ మొదలుపెట్టాలని నిపుణుల మాట.

ప్లేట్‌లెట్లు పడిపోయాయంటే సీమలో ఇప్పుడు మొదట గుర్తొచ్చేది డెంగీ. జ్వరం తగ్గిన వారంలోపు డెంగీ ప్లేట్‌లెట్లు వాటంతటవే లేస్తాయి. జ్వరం లేకుండా కాళ్లమీద ఎర్రచుక్కలు, చిగుళ్ల నెత్తురు, నెలసరి ఎక్కువగా పోవడం ఉండి కౌంట్ తక్కువగానే నిలిచిపోతే ఐటీపీ అనుకోవాలి. పిల్లల్లో ఇది ఎక్కువగా ఆరునెలల్లో తానే సర్దుకుంటుంది. పెద్దవారిలోనూ 30 వేలకు పైన ఉండి రక్తస్రావం లేకపోతే చూస్తూ ఉండడమే చికిత్స. కాగితంమీద అంకెకు మందు పెట్టడం, బొప్పాయి ఆకు రసం తాగిస్తూ రోజుకు రెండుసార్లు కౌంట్ చూడడం ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేస్తాయి తప్ప రోగికి ఒరిగేది లేదు. ఆస్పిరిన్ మాత్రలు, డైక్లోఫెనాక్ సూదులు మాత్రం ఇలాంటివారికి ఇవ్వకూడదు.

మేనరికం సంగతి ఎత్తకుండా సీమలో రక్తవ్యాధుల గురించి మాట్లాడలేం. మేనమామ కొడుకును చేసుకుంటే పుట్టే బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారోవంతు. అక్క కూతురిని మేనమామ చేసుకుంటే అది ఎనిమిదోవంతు. తలసీమియా, పొలుసులు కట్టే ఇక్తియోసిస్, ముట్టుకుంటే పొక్కులు లేచే ఎపిడెర్మోలిసిస్ బులోసా, ఎండ పొడకే చర్మం క్యాన్సర్ బారిన పడే జీరోడెర్మా పిగ్మెంటోసమ్ ఇలా రెండు ప్రతులూ చెడినవే వచ్చినప్పుడు దిగే జబ్బులు. నలభై రెండు డిగ్రీలు దాటే కర్నూలు ఎండలో ఆఖరి జబ్బున్న పిల్లను బడికి పంపడం తల్లిదండ్రులకు ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. మేనరికం చెడ్డదని ఉపన్యాసం ఇచ్చినంత మాత్రాన ఎవరూ మానరు. పెళ్లి నిశ్చయమయ్యే ముందు ఇద్దరికీ ఒక్కసారి హెచ్‌పీఎల్‌సీ చేయించమంటే వింటారు. ఇద్దరూ తలసీమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగోవంతు ప్రమాదం ఉంటుంది, గర్భం పదో వారం దాటాక మాయ నుంచి ముక్క తీసి చూసే వీలుంది. తలసీమియా బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ 1000 దాటకుండా ఇనుమును బయటికి పంపే డెఫెరాసిరాక్స్ వాడాలి. హీమోఫీలియా తల్లినుంచి కొడుకుకు దిగేది కాబట్టి దానికీ మేనరికానికీ దాదాపు సంబంధం లేదు, ఊళ్లలో రెండింటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు.

రోజువారీ జాగ్రత్తల్లో ఎండ మొదటిది. లూపస్ ఉన్న కూలిమనిషిని ఎండలోకి వెళ్లొద్దంటే ఆమె ఇల్లు గడవదు. పత్తి తీతకో వేరుశనగ కలుపుకో పొద్దున ఆరింటికే వెళ్లి పది దాటకముందే తిరిగి రావడం, నిండు చేతుల చొక్కా వేసుకుని తలకు తువ్వాలు చుట్టుకోవడం సన్‌స్క్రీన్ ట్యూబుకన్నా నమ్మదగినవి. నోటిపుండ్లు ఉన్న పెంఫిగస్ రోగికి ఉల్లికారం, గట్టి జొన్నరొట్టె రెండూ శత్రువులే. రొట్టెను మజ్జిగలోనో పాలలోనో నానబెట్టి మెత్తగా ఇస్తే తినగలుగుతాడు. రాతిపనివాళ్ల విషయంలో ఒక హెచ్చరిక ఉంది. సిలికా దుమ్ము ఏళ్లతరబడి పీల్చినవారిలో చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా వస్తుందని దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో 1957లో ఎరాస్మస్ గమనించాడు. బేతంచెర్ల బండలు, కడప నాపరాళ్లు సున్నపురాయి కావడంతో సిలికా తక్కువ, క్వార్ట్జ్, గ్రానైట్ కోసేవారికి ముప్పు ఎక్కువ. చలికి వేళ్లు తెల్లబడి నీలంగా మారే రాతిపనివాణ్ణి అనుమానించి చూడాలి.

లూపస్ ఉన్నామె గర్భం దాల్చకూడదని పాతకాలంలో చెప్పేవారు, ఇప్పుడు అలా అనరు. జబ్బు ఆరునెలలు నెమ్మదించాక, గర్భానికి పడని మైకోఫెనొలేట్ వంటి మందులు మార్చి, హైడ్రాక్సీక్లోరోక్విన్ కొనసాగిస్తూ కనవచ్చు. వరుస గర్భస్రావాలైన స్త్రీలో యాంటీఫాస్ఫోలిపిడ్ ప్రతిరక్షకాలు చూడాలి, ఉంటే తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ బిడ్డను నిలబెడతాయి. తల్లికి యాంటీ రో ప్రతిరక్షకం ఉంటే కడుపులో బిడ్డ గుండె నెమ్మదించవచ్చు కనుక బిడ్డ గుండె స్కాన్ చేయించాలి, అది జిల్లా కేంద్రంలో కుదరకపోతే తిరుపతికో హైదరాబాద్‌కో పంపాలి.

పంపడం అనే మాట ఇక్కడ తేలిగ్గా తీసుకోకూడదు. కర్నూలు వైద్య కళాశాల 1957 నాటిది, దాని పెద్దాసుపత్రికి రాయలసీమతో పాటు తెలంగాణ, కర్ణాటక సరిహద్దు ఊళ్లవారూ వస్తారు. కడప రిమ్స్ 2006లో వచ్చింది. చర్మ విభాగాలు రెండుచోట్లా ఉన్నాయి. కీళ్లవాత, రక్తవ్యాధుల ప్రత్యేక నిపుణుల కోసం మాత్రం తిరుపతి స్విమ్స్, హైదరాబాద్ నిమ్స్, వెల్లూరు సీఎంసీల దారి పట్టేవారే ఎక్కువ. కర్నూలు నుంచి హైదరాబాద్ రెండువందల కిలోమీటర్ల పైమాటే. పెద్ద నిపుణుడు ఆరునెలలకోసారి చూసి దారి చెప్పి, నెలనెలా రక్తం, మూత్రం, బీపీ ఊరి దగ్గర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూసి, తేడా వస్తే ఫోన్‌లో చెప్పే పద్ధతి ఇక్కడ నిలబడగలిగినది. దానికి రోగి దగ్గర ఒక ఫైలు ఉండాలి, పాత చీటీలు పారేయకూడదు, ఏ మందు ఎప్పుడు ఎంత తగ్గించారో అందులో ఉండాలి.

ఖర్చు విషయంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, ఆస్పత్రిలో చేరే చికిత్సల్లో చాలావాటిని భరిస్తుంది. ఇంట్లో ఏళ్లపాటు మింగే మాత్రల, నెలనెలా చేయించే పరీక్షల భారం ఎక్కువగా రోగిమీదే పడుతుంది. తలసీమియా, సికిల్ సెల్, తీవ్ర హీమోఫీలియా ఉన్నవారికి రాష్ట్రం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఈ మూడు రక్తవ్యాధులనూ చేర్చింది, కుష్ఠు నయమైనవారినీ చేర్చింది. లూపస్, పెంఫిగస్, స్క్లెరోడెర్మా పేర్లు ఆ జాబితాలో లేవు. వాటివల్ల చెయ్యో కాలో పనిచేయకపోతే కదలికల వైకల్యం కింద, చూపు పోతే దృష్టిలోపం కింద మాత్రమే సదరం శిబిరంలో ధ్రువపత్రం అడగడానికి వీలుంది.